ప్రార్థన చేసి తిప్పిన తాళం

నాచారం పారిశ్రామికవాడలో, మందుల కంపెనీల మధ్య ఉన్న ఒక కార్ల వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా పనిచేశాను. సూపర్‌వైజరు అనేవారు. చేతికి గ్రీజు అంటుకునే పని కాదు. బండి తెచ్చినవాళ్ళు చెప్పింది విని, జాబ్ కార్డు మీద రాసి, లోపల మెకానిక్కుకు అప్పగించాలి. సాయంత్రం బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చేశామో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. నిజానికి అది వినే ఉద్యోగం. అన్నేళ్ళు విన్నాక నాకు తెలిసిందేమిటంటే, మనిషి దేవుడి గురించి ఎంత గట్టిగా మాట్లాడతాడో తన కారు గురించీ అంత గట్టిగానే మాట్లాడతాడు. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఎవరో చెప్పగా విన్నదే.

ఇంజను ఆయిలు నల్లబడింది కాబట్టి మేము కల్తీ ఆయిలు పోశామని ఒక పెద్దమనిషి సర్వీసు చేయించిన ప్రతిసారీ గొడవకు వచ్చేవాడు. మురికిని తనలోకి తీసుకోవడమే ఆయిలు పని, నల్లబడిందంటే పని చేస్తున్నట్టే అని చెప్తే, నేనేదో తప్పించుకుంటున్నానని చూసేవాడు. వంతెన దిగేటప్పుడు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుందని ఒక లెక్చరరుగారి సిద్ధాంతం. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి కాలు తీస్తేనే పెట్రోలు ఆగుతుంది, న్యూట్రల్‌లో బండి మీ అదుపులో కూడా ఉండదు అంటే ఆయన నవ్వి, నా చదువెంతని అడిగాడు. చౌరస్తాలో నేరుగా పోతున్నానని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించేవాళ్ళు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇప్పటికీ కనిపిస్తారు. పక్కవాడికి ఒకవైపు దీపమే కనిపిస్తుంది. వీడు మలుపు తిరుగుతున్నాడనుకుని వాడు ముందుకొస్తాడు. మిగతాది సొట్టలు తీసే మా డెంటింగ్ సెక్షన్ చూసుకునేది.

ఇప్పుడిప్పుడే బండ్లు నేర్చుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇలాంటివి చెప్పి మిమ్మల్ని నవ్వించగలను. కానీ నేను రాయడానికి కూర్చున్నది ఒక్కదాని గురించే. నీళ్ళలో ఆగిపోయిన బండిని వెంటనే మళ్ళీ స్టార్ట్ చేసి బయటికి తెచ్చుకోవాలన్న నమ్మకం గురించి. అందరూ నమ్ముతారు. తోసేవాళ్ళు, చూసేవాళ్ళు, బస్సు కిటికీలోంచి సలహా ఇచ్చేవాళ్ళు, అందరూ 'ఇంకోసారి కొట్టు' అంటారు.

కొట్టకూడదు. ఇంజను గాలి పీల్చే దారిలో నీళ్ళు పోయి ఉంటాయి. ఇంజను గాలిని నొక్కగలదు గానీ నీళ్ళను నొక్కలేదు. తాళం తిప్పితే పిస్టన్ పైకి లేచి ఆ నీళ్ళకు తగిలి ఆగుతుంది. దాన్ని మోసే ఇనుప కడ్డీ, కనెక్టింగ్ రాడ్, వంగుతుంది. తాళం తిప్పకుండా తోసుకొస్తే మేము నీళ్ళు తీసేసి, ఆయిలు మార్చి ఇచ్చేస్తాం. తిప్పితే ఇంజనే పోతుంది. మధ్యలో ఉన్నది మణికట్టు ఒక్క తిప్పు, అంతే.

మా చర్చి సంఘంలో ఒక తమ్ముడు ఉండేవాడు. జనగామ దిక్కు నుంచి వచ్చి చిల్కానగర్‌లో కాపురం పెట్టాడు. చాలాకాలం ఇతరుల క్యాబులు నడిపి, చివరికి సొంత కారు కొన్నాడు. కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినది. అయినా ఆ ఇంటి అన్నం మొత్తం దాని నాలుగు చక్రాల మీదే ఉంది. భార్య అప్పటికి ఉద్యోగం చేయడం లేదు. ఒక్కతే కూతురు. ఆదివారం నేను చెప్పే పిల్లల క్లాసులో ముందు వరుసలో కూర్చునేది. తండ్రి కూడా పెళ్ళికి ముందు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో, నా దగ్గరే బైబిల్ వాక్యం నేర్చుకున్నాడు.

మా సంఘంలో బండి కొన్నవాళ్ళు మొదటి ఆదివారం దాన్ని మందిరం ముందుకు తెస్తారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. ఆ తర్వాత బండి కొన్న మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ రోజు ఇతను మైకు పట్టుకుని, "గిది నా బండి గాదు, దేవుని బండి. నేను దీనికి డ్రైవర్ను. సంఘంల పెద్దోళ్ళు ఎవరన్న దవాఖానాకు పోవాలంటే ఫోన్ చెయ్యిర్రి, పైసలడుగ" అన్నాడు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. డయాలిసిస్‌కు పోయే ఒక ముసలమ్మను అతనే తీసుకుపోయి తీసుకొచ్చేవాడు.

సర్వీసుకు మా దగ్గరికే తెచ్చేవాడు. మా హెడ్ మెకానిక్కును అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. నమాజు తప్పని మనిషి, నోరు కూడా ఆగని మనిషి. ఆదివారం నన్ను డ్యూటీకి పిలవకుండా అడ్డుపడేది ఆయనే. శుక్రవారం మధ్యాహ్నం ఆయన పని చూసుకునేది నేను. తమ్ముడి కారు వచ్చిందంటే ఆయనకు సరదా.

"ఏంది భాయ్, దేవుని బండికి బ్రేకులు అరుగుతయా?"

"దేవుడు తొక్కుతలేడు ఉస్తాద్, నేను తొక్కుతున్న. నా కాలు బరువు."

"గట్లయితే కాలు బదలాయించుకో. ప్యాడ్లు నేను మారుస్త."

ఆ వానాకాలం ఒక ఆదివారం నేను ఊళ్ళో లేను. బంధువుల పెళ్ళికి వరంగల్ వెళ్ళాను. ఆరాధన జరుగుతుండగానే హైదరాబాద్‌లో పెద్ద వాన పడింది. మా మందిరం దగ్గర రోడ్డు పల్లం. ఆరాధన అయి జనం బయటికొచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. తమ్ముడు ఆ ముసలమ్మను కారులో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. పల్లం మధ్యలో కారు ఆగిపోయింది.

ఇదంతా నేను వీడియోలో చూశాను. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. పెళ్ళి పందిట్లో, పక్కన బ్యాండు మోగుతుంటే, ఫోను చెవి దగ్గర పెట్టుకుని చూశాను. కారును నీళ్ళలోంచి గట్టు మీదికి తోశారు. మా మగవాళ్ళంతా ప్యాంట్లు మడుచుకుని కారు చుట్టూ నిలబడ్డారు. బానెట్ మీద చోటు లేనన్ని చేతులు. లోపల ముసలమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. సంఘ పెద్దల్లో ఒకాయన పెద్దగా ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాక, "ఇప్పుడు కొట్టు తమ్ముడూ. విశ్వాసంతో కొట్టు" అన్నాడు.

తమ్ముడు తాళం తిప్పాడు. టక్‌మని ఒక్క చప్పుడు. ఆగిపోయింది.

మళ్ళీ ప్రార్థన, ఇంకా గట్టిగా. మళ్ళీ తాళం. మళ్ళీ టక్. మూడో ప్రార్థనలో ఆడవాళ్ళ గొంతులు కూడా కలిశాయి. ఈసారి ఇంజను అందుకుంది. తెల్లటి పొగ లేచింది. స్తోత్రం, హల్లెలూయా అని కేకలు. ఒకాయన వానలో ఎగిరాడు. ఆ కేకల అడుగున సన్నగా, ఆగకుండా, ఇనుము ఇనుమును తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వినే ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ చప్పుడు నాకు తెలుసు. రాడ్ వంగిపోయింది, అయినా ఇంజను పరుగెత్తుతోంది.

వీడియో కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేను తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి ఎత్తాడు.

"బండి ఆపు. ఎక్కడుంటే అక్కడ ఆపెయ్" అన్నాను.

"ఆగింది అన్నా." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "అమ్మను ఇంటికాడ దించిన. పాట పాడుకుంట వస్తున్న. మా గల్లీ మలుపుల పెద్ద సప్పుడైంది. కింద నూనె కారుతుంది, నీళ్ళు గూడ కారుతున్నయ్. ఏందన్నా గది?"

ఏమిటో నాకు తెలుసు. రాడ్ విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. కానీ ఫోనులో చెప్పలేకపోయాను. "రేపు వర్క్‌షాపుకు తీసుకురా, చూద్దాం" అన్నాను. డాక్టర్లు కూడా ఇలాగే అంటారనుకుంటాను.

సోమవారం కారును లాక్కొచ్చారు. ఉస్తాద్ కింద పడుకుని టార్చి వేసి చూశాడు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నావైపు చూడకుండా అన్నాడు.

"చెయ్యి పట్టేంత చిల్లు పడ్డది సాబ్. ఇంజన్ మొత్తం బదలాయించుడే. ఎవడు స్టార్ట్ చెయ్యమన్నడు ఇతన్ని?"

"మా సంఘం వాళ్ళే."

ఆయన వెక్కిరిస్తాడనుకున్నాను గానీ, కారు పక్కన నిలబడ్డ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయి, తన డబ్బాలో ఉన్న రొట్టె తినిపించాడు.

ఇక మిగిలింది ఇన్సూరెన్సు. అది వస్తే బండి మళ్ళీ రోడ్డెక్కుతుంది. రాకపోతే ఆ ఇంజను కొనే శక్తి ఆ ఇంటికి లేదు. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయర్లు చూసేది ఒక్కటే. వరదలో నడుస్తుండగా నీళ్ళు లాగి ఇంజను పగిలిందంటే ప్రమాదం. ఆగిపోయాక మళ్ళీ స్టార్ట్ చేస్తే పగిలిందంటే యజమాని చేజేతులా చేసుకున్నది. మొదటిదానికి ఎలాగోలా ఒప్పించవచ్చు. రెండోదానికి దారి లేదు.

ఆ మధ్యాహ్నం సంఘ పెద్ద మా వర్క్‌షాపుకు వచ్చాడు. వీడియోలో ప్రార్థన చేసిన ఆయనే. చెడ్డ మనిషి కాదు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"బ్రదర్, జాబ్ కార్డులో నడుస్తుండగానే ఆగిపోయి పగిలిందని రాయండి. వీడియో గ్రూపులోంచి తీయించేశాను. కనికరం చూపించడం కూడా వాక్యమే కదా."

"రాసేది నేనేనండి. చెప్పేది అతను."

"మీరు చెప్పమన్నట్టు చెప్తాడు. మీ క్లాసులో నేర్చుకున్నవాడు."

"అదేనండీ నా భయం."

ఆయనకు అర్థం కాలేదు. లేదా అర్థమై తల దించుకున్నాడో.

మరుసటి రోజు సర్వేయరు వస్తాడనగా, తమ్ముణ్ణి కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఏమడుగుతారో, ఏ జవాబుకు ఏమవుతుందో. ఇలా చెప్పు అనలేదు, అలా చెప్పు అనలేదు. ఆ రాత్రి మోకరించాను గానీ, ఏమి అడగాలో తెలియలేదు. అతని నోట అబద్ధం రావాలని అడగడానికే నా మనసు వంగుతోంది. దేవుణ్ణి అబద్ధం కోసం అడిగే ప్రార్థన నాకు ఎవరూ నేర్పలేదు. మాటల్లేకుండానే లేచాను.

సర్వేయరు గోదావరి జిల్లాల నుంచి వచ్చి మేడిపల్లిలో స్థిరపడ్డ పెద్దాయన. నుదుట బొట్టు, జేబులో రెండు పెన్నులు. కారు చుట్టూ తిరిగాడు. సీటు కింద ఎండిన బురద చూశాడు. అద్దం మీద అంటించిన వాక్యం స్టిక్కరు చూశాడు. తమ్ముడి చెప్పులు చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అప్పుడే తెలిసిపోయిందని నా నమ్మకం.

"ఏం బాబూ, నీళ్ళలో పోతుంటే ఆగిపోయింది. అంతే కదా? మళ్ళీ తాళం తిప్పలేదు కదా?"

"తిప్పిన సార్."

సర్వేయరు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"కంగారులో ఒకసారి చెయ్యి తగిలి ఉంటుంది. అది తిప్పడం కాదులే."

"లేదు సార్. కంగారు లేదు. ప్రార్థన జేసి తిప్పిన."

ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. "నాకు టీ తాగాలనుంది" అన్నాడు. "తాగొచ్చి మళ్ళీ మొదటి నుంచీ అడుగుతాను. ఇప్పటిదాకా నేనేమీ వినలేదు. వచ్చాక నువ్వు చెప్పిందే రాస్తాను."

ఆయన గేటు దాటేవరకు ఉస్తాద్ ఆగాడు. తర్వాత తమ్ముడి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు.

"అరే భాయ్, దిమాగ్ ఉందా నీకు? ఆయన తలుపు తెరిచి నిలబడ్డడు, నువ్వు గోడకు గుద్దుకుంటున్నవ్! తిప్పలేదని ఒక్క మాట అను. నీ బిడ్డ ముఖం చూసి అను."

"తిప్పిన కద ఉస్తాద్."

"సరే, ప్రార్థన చేసిన అని చెప్పు. అది నిజమే కద? ప్రార్థన చేసిన, తాళం తిప్పలేదు అని చెప్పు. సగం నిజమన్నా మిగులుతది!"

తమ్ముడు దానికి నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి అన్నాడు.

"ప్రార్థన జేసి తాళం తిప్పకపోతే నమ్మకం లేనట్టే కద ఉస్తాద్? గంత మంది చేతులు పెట్టిన్రు. దేవుడు చేస్తడనుకునే తిప్పిన. ఇప్పుడు తిప్పలేదంటే, ఆ ప్రార్థన నేను నమ్మలేదని చెప్పినట్టు. ఎట్ల చెప్పాలె?"

ఉస్తాద్ చేతులు దించేశాడు. నావైపు తిరిగాడు.

"సాబ్, నువ్వు చెప్పు. నీ మాట వింటడు."

వింటాడు. నేను నోరు తెరిస్తే వింటాడు. ఆ ఒక్క నిమిషంలో నా చేతిలో ఆ ఇంటి అన్నం ఉంది. అయినా ఏమి చెప్పను? ఏళ్ళ తరబడి అతనికీ, ఇప్పుడు అతని కూతురికీ, నిజం చెప్తే నష్టం వచ్చినా దేవుడు చూసుకుంటాడని చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది, తీసుకోకపోతే ఏమవుతుంది అని లెక్క వేస్తుండగానే సర్వేయరు తిరిగొచ్చాడు. మీసం మీద టీ నురుగు ఉంది. పెన్ను తీసి, మొదటిసారి కలిసినట్టే అడిగాడు.

"ఏం బాబూ, ఆగిపోయాక మళ్ళీ స్టార్ట్ చేశావా?"

"చేసిన సార్."

సర్వేయరు పెన్ను మూసి, మళ్ళీ తీశాడు. తర్వాత రాశాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, "ఇరవై మందిలో పంతొమ్మిది మంది నాకు అబద్ధం చెప్తారండీ. వాళ్ళ క్లెయిములు పాస్ చేసి హాయిగా ఇంటికి పోతాను. ఇవాళ నాకు అన్నం సహించదు" అన్నాడు.

వాక్యం చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మూడుసార్లు అడగడం, మూడుసార్లు జవాబివ్వడం మనకు ఎక్కడో తెలిసిన సంగతే. అక్కడ తన గురువెవరో తెలియదని మూడుసార్లు కాదన్న శిష్యుడు ఏడ్చాడు, తర్వాత క్షమాపణ పొందాడు, మంద కాసే పని కూడా పొందాడు. ఇక్కడ మూడుసార్లు ఔనన్నవాడికి ఏం దొరికిందో చెప్తాను.

క్లెయిము తిరస్కరించారు. కారు కొన్ని నెలలు మా వర్క్‌షాపు వెనక గోడ దగ్గర ఉంది. దాని మీద ఫ్యాక్టరీ దుమ్ము పేరుకుంది. స్థలం ఖాళీ చేయమని వర్క్‌షాపు యజమాని అన్నాక, పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చారు. ఆ రోజు తమ్ముడు తన వస్తువులు తీసుకోవడానికి వచ్చాడు. గొడుగు, కూతురి రబ్బరు బొమ్మ, ముసలమ్మ మరిచిపోయిన శాలువా. అద్దం మీద స్టిక్కరు గోటితో గీకి తీయాలని చూశాడు. ఎండకు అతుక్కుపోయింది. సగం వచ్చింది, సగం అద్దం మీదే మిగిలింది. వచ్చిన సగాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు వేలి మీదే ఉంచుకున్నాడు.

సంఘంలో మొదట్లో అతన్ని మెచ్చుకున్నారు. అతని నిజాయితీ మీద ఒక ప్రసంగం కూడా జరిగింది. అతన్ని లేచి నిలబడమంటే నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నెలలు గడిచినా ఏ దారీ తెరుచుకోకపోయేసరికి, అతని ముఖం చూడటం అందరికీ కష్టమైంది. అందరూ చేతులు పెట్టిన కారు అది. ఆ ప్రార్థన ఏమైందన్న ప్రశ్న అతను నడిచొస్తుంటే అతనితోపాటు నడిచొచ్చేది. చివరికి ఎవరో దానికి జవాబు కనిపెట్టారు. అతని జీవితంలో దాచిన పాపం ఏదో ఉండి ఉంటుందని. ఆ మాట అతని చెవిన పడింది. మరుసటి వారం నుంచి మందిరానికి రావడం మానేశాడు. కూతురు మాత్రం పక్కింటి పిల్లలతో కలిసి నా క్లాసుకు వచ్చేది.

తర్వాతి వానాకాలం ముందు పాస్టరుగారిని అడిగి, ఆరాధన చివర కొద్దిసేపు మాట్లాడాను. ఇప్పుడు మీకు చెప్తున్నదే చెప్పాను. నీళ్ళలో ఆగిన బండిని స్టార్ట్ చేయకండి, బ్యాటరీ వైరు తీసేయండి, తోసి ఒడ్డుకు చేర్చండి, లాక్కుపోయే బండిని పిలవండి. అందరూ శ్రద్ధగా విన్నారు, ఆమేన్ కూడా అన్నారు. బయటికొచ్చాక ఒక మంచి విశ్వాసి, చదువుకున్నవాడు, నన్ను పక్కకు పిలిచి మెల్లిగా అడిగాడు.

"బ్రదర్, మీరు చెప్పింది మామూలుగా కొట్టేవాళ్ళ సంగతి కదా. ప్రార్థన చేసి కొడితేనో?"

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను. దేవుడు లేడని నాకు ఎన్నడూ అనిపించలేదు. అనిపించి ఉంటే సులువుగా ఉండేది. ఉన్నాడు. ఆ గట్టు మీద వానలో అంతమంది పిలుస్తుంటే ఉన్నాడు. ఆ తాళం దగ్గర ఉన్నాడు. సర్వేయరు పెన్ను దగ్గర ఉన్నాడు. ఉండి ఏమీ అనలేదు. మన అజ్ఞానానికి ఆయన పేరు తగిలించడం మన తప్పేనని నాకు తెలుసు. ఇంజను లోపల నీళ్ళు ఎవరి విశ్వాసాన్నీ అడగవని కూడా తెలుసు. తెలియడం వల్ల ఏమీ తేలిక కాలేదు.

ఒక శనివారం సాయంత్రం చిల్కానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. తమ్ముడు నాచారంలో ఒక గోదాములో మూటలు దించే పనికి కుదిరాడు. భార్య మందుల కంపెనీలో ప్యాకింగు పనికి వెళ్తోంది. నేను వెళ్ళేసరికి ఆమె అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, తలకు కట్టుకున్న గుడ్డ విప్పుతోంది.

"రాండ్రి అన్నా. మల్ల లేసి నిలబడుమన్నరా మా ఆయనను? చప్పట్లు కొట్టనీకె?"

"ఊకో" అన్నాడు తమ్ముడు లోపలి నుంచి.

"డ్రైవింగు మానేశావేంటి తమ్ముడూ?" అని అడిగాను. "వేరేవాళ్ళ క్యాబులు ఉన్నాయి కదా."

"తాళం పట్టబుద్ధి గాలే అన్నా." చేతులు చూసుకున్నాడు. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా ఉన్నాయి. "మూట మంచిది. పట్టుకుంటె లేస్తది, ఇడిస్తె పడతది."

ఆమె టీ పెట్టి తెచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అన్నా, మీరు పెద్దోళ్ళు. జర మీరే చెప్పుర్రి. ప్రార్థన జేసుడు తప్పా? తాళం తిప్పుడు తప్పా? నిజం చెప్పుడు తప్పా? ఏదో ఒకటి తప్పని చెప్పుర్రి. మనసు నిమ్మళమైతది."

"తాళం తిప్పడమమ్మా" అన్నాను. నా ఉద్యోగం నేర్పిన జవాబు అదొక్కటే.

"గది మీకు తెల్సు. ఆయనకు తెల్వదు. తెల్సినోళ్ళు మీరు ఆ దినం ఊళ్ళె లేరు." పైకి చూసి, మళ్ళీ నావైపు చూసింది. "అన్ని తెల్సినాయన ఊళ్ళెనే ఉండె కద అన్నా?"

తమ్ముడు ఆమె మాటకు అడ్డుపడి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఆమెది ఇడిసిపెట్టుర్రి అన్నా. నాకొక్కటే చెప్పుర్రి. పిల్ల నిన్న బడిల గాజుగ్లాసు పగలగొట్టిందట. టీచర్ అడిగితె నేను గాదు అన్నదట. ఇంటికొచ్చి నాకు చెప్పి ఏడ్చింది. నాయ్నా, సోమవారం పోయి నిజం చెప్పాల్నా అని అడుగుతుంది. ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు. రేపు మీ క్లాసుకొస్తది. మీరే చెప్పుర్రి."

నా జీవితంలో అంత సులువైన ప్రశ్న నన్నెవరూ అడిగి ఉండరు. ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు ఆలోచించకుండా చెప్పిన జవాబు. సరే, చెప్తాను అని లేచాను.

మరునాడు క్లాసు మొదలయ్యేటప్పటికే ఆ అమ్మాయి ముందు వరుసలో ఉంది. తండ్రి ఏదో చెప్పి పంపించి ఉంటాడు. నేను గదిలోకి అడుగు పెట్టినప్పటి నుంచి నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. నేను పాఠం తెరిచాను. నిజమే చెప్పాలన్న మాట నోటి దాకా వచ్చింది. పుస్తకం మూసి, ఈవేళ పాటలు పాడుకుందాం, అందరూ లేవండి అన్నాను. పిల్లలు సంబరంగా లేచారు. అందరూ లేచాక ఆ అమ్మాయి కూడా లేచింది.